లంచం కాదు, జవాబు

"బిస్కట్ చూపెడితే నేను గూడ సలాం కొడ్త. ఇండ్ల గొప్పేమున్నది బిడ్డా? లంచమిచ్చి పని చేయించుకునుడే గదా!"

లాల్‌దర్వాజ దగ్గర మా గల్లీ మలుపులో, చాయ్ హోటల్ ముందు కూర్చుని ఒక పెద్దాయన అన్న మాట ఇది. గల్లీ అంతా ఆయన్ని కాకా అనే పిలుస్తుంది. ఆయన చేతిలో ఇరానీ చాయ్, సాసర్‌లో ఉస్మానియా బిస్కట్. ఎదురుగా నేను, నా ఎదుట కాలు.

కాలు మా గల్లీ కుక్క. ఒళ్లంతా నలుపు కాబట్టి ఉర్దూ మాట్లాడే పిల్లలు 'కాలూ' అని పేరు పెట్టారు. తెలుగు పిల్లలు 'కాలు కాలెత్తింది' అని నవ్వుకుంటారు. రెండు భాషల గుమ్మాల ముందు తిని పెరిగింది కనుక ఎవరు ఎలా పిలిచినా వస్తుంది. దాని చెవి కొన కాస్త కత్తిరించి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదిలిన వీధికుక్కకు అది గుర్తు. ఆ తర్వాత ఏటేటా టీకా వేయించే పని గల్లీలో కొందరం పంచుకున్నాం. ఈ అధ్యాయంలో చెప్పేదంతా అలా టీకాలు పడి, మనతో చనువున్న కుక్క గురించే. ముక్కూ మొహం తెలియని వీధికుక్క ముందు చేయి చాపి ప్రయోగాలు చేయకూడదు.

నేను కాలుకు నేర్పుతున్నది సలాం. ముందు పంజా ఎత్తి కనుబొమ్మ దగ్గరికి తెచ్చి దించాలి. అంతే. కానీ కాకా వేసిన ప్రశ్న అంత చిన్నది కాదు. తిండి ఆశ పెట్టి చేయించేదాన్ని నేర్పడం అనొచ్చా? బిస్కట్ ఆగిపోతే సలామూ ఆగిపోదా? కుక్కను పెంచే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. జవాబు కోసం ముందు మన నోట్లోకి మనమే చూసుకోవాలి.

సైరన్‌కు రుచి ఉంటుందా?

రంజాన్ నెలలో పొద్దు గూకే వేళ పాతబస్తీలో ఒక్క క్షణం అన్నీ ఆగినట్టుంటాయి. ఉపవాసం ఉన్నవారి చేతిలో ఖర్జూరం ఉంటుంది, ఇంకా నోట్లో పడలేదు. ఇఫ్తార్ సైరన్ మోగుతుంది. ఆ మోతకే నోరూరుతుంది. సైరన్‌కు తీపి లేదు, వాసన లేదు. అయినా రోజూ దాని వెనకే తిండి రావడంతో ఆ రెండింటికీ ముడిపడింది. కడుపు ఆ ముడిని గుర్తు పెట్టుకుంది.

రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ గమనించింది ఇదే ముడిని. ఆయన అసలు పని జీర్ణరసాల మీద. 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ పరిశోధనకే. కుక్కల నోట్లో ఊరే లాలాజలాన్ని కొలుస్తుంటే ఒక చిక్కు ఎదురైంది. తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషి కనబడితే చాలు, లాలాజలం ఊరుతోంది. చిక్కు అనుకుని పక్కన పెట్టకుండా ఆయన దాన్నే పట్టుకున్నాడు. తిండికి ముందు తాళం వేసే యంత్రం టకటకలు వినిపించాడు. కొన్నాళ్లకు ఆ టకటకకే నోరూరింది.

డీఎస్సీకి చదివినవాళ్లు దీన్ని 'శాస్త్రీయ నిబంధనం' అని కంఠతా పట్టి ఉంటారు. ఇక్కడ మనం దాన్ని తేలిగ్గా 'ముడిపడటం' అనుకుందాం.

పెన్నుతో కాలుకు నేను చెప్పిన మొదటి పాఠం ఈ ముడి వేయడమే. జేబులోంచి బాల్‌పెన్ తీసి దాని మీట నొక్కాను: టిక్. వెంటనే బఠానీ గింజంత ఉడికించిన కోడి లివర్ ముక్క. మళ్లీ టిక్, మళ్లీ ముక్క. కాలు ఏమీ చేయనక్కర్లేదు. పదిహేను ముక్కలు అయిపోయాయి, పాఠమూ అయిపోయింది. మరునాడు అది గేటు పక్క ఇంకెటో చూస్తుండగా టిక్ అనిపించాను. రెండు చెవులూ నిక్కాయి, తల గిర్రున తిరిగింది. పెన్ను చప్పుడుకు రుచి వచ్చేసింది.

పెట్టెలో పిల్లి, మిద్దె మీద పావురం

పావ్లోవ్ కుక్క నిజానికి ఏ పనీ చేయలేదు. నోరూరడం మనం చేసే పని కాదు, మనకు జరిగేది. సలాం అలా కాదు. కుక్క తనంతట తాను పంజా ఎత్తాలి. దీనికి ఇంకో దారి కావాలి.

ఆ దారి చూపింది పిల్లులు. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే పరిశోధకుడు చెక్క పెట్టెల్లో పిల్లుల్ని పెట్టి, బయట చేపముక్క ఉంచేవాడు. లోపల తాడు లాగితేనో, మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గీకుతుంది, కొరుకుతుంది, అరుస్తుంది. ఏదో ఒక గీకుడులో పొరపాటున తాడు లాగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. మళ్లీ పెట్టెలో పెడితే మళ్లీ అదే గందరగోళం, కాకపోతే కొంచెం తక్కువసేపు. అలా అలా చివరికి లోపల పెట్టగానే నేరుగా తాడు దగ్గరికే వెళ్తుంది. 1898లో ఆయన రాసిన ఈ సంగతుల సారం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ వస్తుంది, ఇవ్వనిది రాలిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో ఇది 'ఫలిత నియమం'.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. పిల్లికి ఎవరూ పాఠం చెప్పలేదు. దాని గీకుళ్లలో ఏది సరైనదో తలుపే చెప్పింది.

తర్వాత వచ్చిన బి.ఎఫ్. స్కిన్నర్ తలుపు పనిని మనిషి చేతికి ఇచ్చాడు. పావురం తల కొంచెం ఎడమకు తిప్పితే గింజ, ఇంకొంచెం తిప్పితే మరో గింజ. కాసేపట్లో అది చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేస్తుంది. పావురాలతో బుల్లి టేబుల్ టెన్నిస్ కూడా ఆడించాడాయన. మంచి ఫలితంతో ఒక పనిని బలపరచడాన్ని పుస్తకాలు 'పునర్బలనం' అంటాయి. మనం 'ఊతం' అందాం. గుంజ పాతితే తీగ అటే పాకినట్టు, ఊతం దొరికిన వైపే ప్రవర్తన పాకుతుంది.

పావురాల మాట పాతబస్తీకి కొత్త కాదు. హుస్సేనీ ఆలంలో పాత కబూతర్ ఖానా ఉంది. ఆ చుట్టుపక్కల మిద్దెల మీద సాయంత్రం పూట పావురాలు ఎగరేసేవాళ్లు కనబడతారు. గుంపు ఆకాశంలో తిరుగుతుంటుంది. కింద గింజల డబ్బా గలగలమంటుంది. గుంపు వాలుతుంది. డబ్బా గలగల పావ్లోవ్ వేసిన ముడి. వాలగానే దొరికే గింజ స్కిన్నర్ ఇచ్చే ఊతం. ఆ ఇద్దరి పేర్లూ తెలియకపోయినా రెండు పాఠాలూ ఆ మిద్దెల మీద రోజూ నడుస్తూనే ఉంటాయి.

సెకను ఆలస్యమైతే

ఇంత తెలిసీ నేను మొదట బోల్తా పడ్డాను. పెన్ను సంగతి తట్టకముందు జరిగింది ఇది.

కాలు కూర్చుంది. నా పిడికిలి వాసన చూసి పంజా ఎత్తింది. "శభాష్!" అన్నాను. జేబులో చేయి పెట్టాను. లివర్ ముక్కలు పాలిథీన్ కవర్లో ఉన్నాయి, కవర్‌కు ముడి ఉంది. ముడి విప్పేలోపు పంజా దిగింది. ఇంకాసేపటికి కాలు లేచి నిలబడి తోక ఊపింది. అప్పుడు ముక్క అందింది. మూడు సాయంత్రాలు ఇలాగే గడిచాయి. నాలుగో రోజు నేను చేయి చాపగానే కాలు టక్కున లేచి నిలబడి తోక ఊపి, నా జేబు వైపు చూసింది.

తప్పు దానిది కాదు. నేను ముక్క ఇచ్చింది పంజాకు అనుకున్నాను. కాలు లెక్కలో అది అందింది లేచి నిలబడినందుకు. ఊతం మన మనసులో ఉన్న పనికి తగలదు, అది అందిన క్షణంలో జరుగుతున్న పనికే తగులుతుంది.

టిక్ పని ఇక్కడే. ముక్క చేరడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. చప్పుడు తక్షణం చేరుతుంది. పంజా గాలిలో ఉన్నప్పుడే టిక్ అంటే, ఫొటో తీసినట్టు ఆ క్షణం పట్టుబడుతుంది. తర్వాత ముడి విప్పుకుంటూ కూర్చున్నా నష్టం లేదు. 1951లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికకు జంతువులకు నేర్పడం గురించి రాసిన వ్యాసంలో స్కిన్నర్ సూచించింది ఇలాంటి టిక్కుటిక్కు బొమ్మనే. జాతరల్లో అమ్మే రేకు కప్ప కూడా ఆ పనికి సరిపోతుంది. నాకు బాల్‌పెన్ చాలింది.

మెదడులో ఏం జరుగుతుందో 1990లలో వుల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పరిశోధనలు చూపించాయి. దాన్ని ఒక బిర్యానీ పొట్లంతో చెప్పుకుందాం. రోజూ ఒక గుడ్డు వచ్చే పొట్లంలో ఇవాళ రెండు వచ్చాయి. మనసు ఎగిరి గంతేస్తుంది. వారం పాటు రోజూ రెండే వస్తే ఆ గంతు ఉండదు, అది మామూలైపోయింది. ఆ తర్వాత ఒకరోజు మళ్లీ ఒకటే వస్తే మోసపోయినట్టు ఉంటుంది, అది పాత రోజుల మామూలు గుడ్డే అయినా సరే. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తాయి. అనుకోకుండా పండ్లరసం చుక్క దొరికితే చెలరేగుతాయి. చుక్కకు ముందు రోజూ దీపం వెలిగిస్తే, కొన్నాళ్లకు చుక్కకు కాదు, దీపానికే చెలరేగుతాయి. దీపం వెలిగి చుక్క రాకపోతే సద్దుమణిగిపోతాయి.

అంటే అవి కొలిచేది తిండిని కాదు. అనుకున్నదానికీ అందినదానికీ ఉన్న తేడాను. ఆ తేడాయే 'ఇప్పుడు చేసింది గుర్తుంచుకో' అని చెబుతుంది. అందుకే బఠానీ గింజంత ముక్క చాలు. ముక్క సైజుతో పాఠం పెద్దది కాదు.

పిడికిలి నుంచి కనుబొమ్మ దాకా

ఏ కుక్కా మొదటిరోజే సలాం చేయదు. చేయని పనికి ఊతం ఎలా ఇవ్వాలి? కుమ్మరి కుండ చేసినట్టే. ముద్ద ఒక్కసారిగా కుండ కాదు. వేలి ఒత్తిడితో కొంచెం కొంచెం పైకి లేస్తుంది. పనిని ఇలా అంచెలంచెలుగా తేవడాన్ని 'మలచడం' అందాం.

మొదటి అంచె: పిడికిలిలో ముక్క పెట్టి నేల దగ్గర ఉంచాను. కాలు వాసన చూసింది, నాకింది, మూతితో తోసింది. నేను కదల్లేదు. విసుగొచ్చి పంజాతో గీకింది. టిక్. పిడికిలి తెరిచాను.

రెండో అంచె: అదే పిడికిలి, లోపల ఏమీ లేదు. ముక్కలు వీపు వెనక గిన్నెలో ఉన్నాయి. పంజా తగిలింది, టిక్, ముక్క వెనక నుంచి వచ్చింది. కాకా ప్రశ్నకు జవాబు నిజానికి ఇక్కడే ఉంది. పనికి ముందు కనబడే తిండి ఆశ పెడుతుంది. పని అయ్యాక ఎక్కడి నుంచో వచ్చే తిండి 'అదే, సరిగ్గా అదే' అని చెబుతుంది. లంచం ముందు చూపిస్తారు, జవాబు తర్వాత వస్తుంది. చాలా ఇళ్లలో కుక్క 'బిస్కట్ ఉంటేనే చేస్తోంది' అంటే, వాళ్లు ఈ రెండో అంచె ఎక్కకుండా బిస్కట్ చేతిలోనే ఊపుతూ ఉండిపోయారని అర్థం.

మూడో అంచె: చేతిని రోజుకు కొంత పైకి. ఛాతీ ఎత్తు, గడ్డం ఎత్తు, చెంప ఎత్తు. కనుబొమ్మ దగ్గరికి వచ్చేసరికి చేతిని పంజా తగలకముందే వెనక్కి తీశాను. అందని చేతి కోసం ఎత్తిన పంజా దాని కనుబొమ్మనే రాసుకుంటూ దిగింది. టిక్! ఆ రోజు ఒకటికి మూడు ముక్కలు.

వరసగా రెండు మూడుసార్లు తప్పిందంటే అంచె ఎత్తు ఎక్కువైందని గుర్తు. ఒక మెట్టు దిగాలి. పాఠం అయిదు నిమిషాలు దాటకూడదు. రోజూ రుద్దక్కర్లేదు కూడా: 44 బీగిల్ కుక్కల మీద డెన్మార్క్‌లో జరిగిన అధ్యయనంలో, రోజూ పాఠం విన్నవాటికంటే వారానికి ఒకటి రెండుసార్లు విన్నవే తక్కువ పాఠాల్లో నేర్చుకున్నాయి. 2011లో అది అచ్చయింది.

మాట చివరి అంచె. పని కుదిరాక, చేయి ఎత్తబోయే ముందు "సలాం" అనాలి. మొదటి నుంచీ సలాం సలాం అని జపిస్తే ఆ మాట ఫ్యాను చప్పుడులా కలిసిపోతుంది. నేను "కాలూ, కాలెత్తు" అనడం మొదలుపెట్టి రెండు రోజులు దాన్ని తికమక పెట్టాను. పేరూ ఆజ్ఞా ఒకేలా వినబడితే ఏది పిలుపో ఏది పనో దానికేం తెలుస్తుంది? 'సలాం' ఆ చిక్కు తీర్చింది. అసలు మాటకంటే చేతినే కుక్క బాగా చదువుతుంది. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం శిక్షణ లేని వీధికుక్కల ముందు గిన్నెలు పెట్టి వేలితో చూపిస్తే, దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు వేలు చూపిన గిన్నెకే వెళ్లాయని 2020లో ప్రకటించింది. మన గల్లీ కుక్క మన చేతుల్ని పుట్టినప్పటి నుంచీ చదువుకుంటోంది.

తిండి విషయంలో జాగ్రత్తలు. ఉప్పూ కారం లేని ఉడికించిన కోడిమాంసం, లివర్, గుడ్డు మేలు. రోజు మొత్తం తిండిలో చిరుతిండి వాటా పదో వంతు దాటకూడదు. ప్రేమతో పెట్టే బిర్యానీ మిగులుతో రెండు ప్రమాదాలు: ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది, ఉడికిన కోడి ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ దానికి విషం.

ముక్క మానితే?

పని కుదిరాక ముక్కను ఒక్కసారిగా ఆపితే సలాం మెల్లగా చచ్చిపోతుంది. ప్రతిసారీ ఇస్తూ పోతే ముక్క లేని రోజున చచ్చిపోతుంది. మధ్యదారి ఉంది: ఒకసారి రెండో సలాంకు, ఒకసారి అయిదో సలాంకు, లెక్క తెలియకుండా ఇవ్వడం. చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో వెలువరించిన పెద్ద గ్రంథంలో స్కిన్నర్ పావురాల పొడుపులు లెక్కపెట్టి మరీ ఇది చూపించాడు: ఎప్పుడొస్తుందో తెలియని గింజ కోసం పక్షి అలుపు లేకుండా పొడుస్తుంది. పేకాట బల్ల దగ్గరి నుంచి లేవలేని మనిషినీ, నిమిషానికోసారి ఫోన్ తెరిచే మనల్నీ కట్టిపడేసేది ఈ లెక్కే.

ఊతం అంటే తిండే కానక్కర్లేదు. అదే ఐసర్ బృందం 2017లో ఇంకో ఆసక్తికరమైన సంగతి ప్రకటించింది. కొత్త మనిషి పదేపదే వచ్చినప్పుడు, తిండి పెట్టినవారికంటే తల నిమిరినవారికే వీధికుక్కలు ఎక్కువ చేరువయ్యాయి. అమెరికాలో గ్రెగరీ బర్న్స్ బృందం 15 కుక్కల్ని మెలకువగానే స్కానర్లో కదలకుండా పడుకోబెట్టి మెదడు చిత్రాలు తీస్తే, 13 కుక్కల్లో యజమాని మెచ్చుకోలుకు వచ్చిన స్పందన తిండికి వచ్చినదానికి సమానంగానో ఎక్కువగానో ఉంది. కర్ర పట్టుకుని నేర్పేవాళ్లకు ఇంకో అధ్యయనం ఉంది: పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల్ని పరిశీలిస్తే, దండనతో నేర్పినవాటిలో ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనిపించాయి.

అయితే ఊతానికీ హద్దుంది. స్కిన్నర్ దగ్గర నేర్చుకున్న కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు ప్రదర్శనల కోసం వేలాది జంతువులకు విద్యలు నేర్పారు. రకూన్ అనే జంతువుకు నాణేలు డబ్బాలో వేయడం నేర్పబోతే, అది నాణేల్ని వదలకుండా కడిగినట్టు రుద్దుతూ కూర్చుంది. తిండిని అలా రుద్దడం దాని పుట్టుబుద్ధి. 1961లో వాళ్లు ఈ ఓటములన్నీ నిజాయితీగా రాశారు. పంజా ఎత్తడం కుక్క పుట్టుకలోనే ఉంది కాబట్టి సలాం సులువైంది.

ఇదంతా గల్లీ సరదా మాత్రమే అనుకోవద్దు. బోనాల ఊరేగింపుకో గణేశ్ నిమజ్జనానికో ముందు పాతబస్తీలో పోలీసు జాగిలాలు దారి పొడవునా వాసన పడుతూ వెళ్లడం చూసే ఉంటారు. తెలంగాణ జాగిలాలకు శిక్షణ మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో జరుగుతుంది. పేలుడు పదార్థం వాసన తగిలితే మొరగకుండా, గీకకుండా నిశ్శబ్దంగా కూర్చోవాలని ఇలాంటి కుక్కలకు నేర్పుతారు. గీకితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఆ కూర్చోవడానికి వెంటనే దొరికేది ఆడుకోవడానికో బంతి, లేదా ఒక ముక్క. అక్కడ జవాబు సెకను ఆలస్యమైతే కుక్క నేర్చుకునేది వేరే పని అవుతుంది.

సెకను ఆలస్యం అంటే ఏమిటో కాకా కూడా చూశారు. కాలు సలాం నేర్చిన కొత్తలో ఆయన మనసు కరిగి తన బిస్కట్‌లో ముక్క విరిచేవారు. ముందు కళ్లజోడు సర్దుకోవాలి, చాయ్ కింద పెట్టాలి, సాసర్లో పొడి దులపాలి. ఈలోగా సలాం అయిపోయి కాలు వెనక పంజాతో చెవి గోక్కునేది. అప్పుడు అందేది ముక్క. రోజూ ఇదే వరస. రెండు వారాలకు నా ముందు సలాం చేసే కాలు, ఆయన ముందు కూర్చుని, ఆయన సాసర్ వంకే చూస్తూ చెవి గోక్కోసాగింది.

"ఏందిరా ఇది? నీకు సలాం, నాకు గోకుడా?" అన్నారు కాకా.

"నువ్వు నేర్పిందే కాకా," అన్నాను. ఒక నిమిషం కాలునీ తన చేతిలోని ముక్కనీ మార్చి మార్చి చూశారు. తర్వాత నా వైపు చేయి చాపారు.

"ఆ పెన్ను ఇటియ్యి."